అరిగిపోయే ఆస్తి

తలుపుకి తాళంకప్ప బిగించిన చిట్టి మినీ కారులో తిరిగే మిస్టర్ బీన్ గుర్తున్నాడా? ఆ వేషం కట్టిన రోవన్ అట్కిన్సన్ సొంత కారు మాత్రం మెక్‌లారెన్ ఎఫ్1. మొత్తం 106 చేసి ఆపేశారు. డ్రైవరు నట్టనడుమ కూర్చుంటాడు, అటొకరు ఇటొకరు. ఇంజను వేడిని తట్టుకోడానికి చుట్టూ బంగారు రేకు. మనం గుడి గోపురానికి చేయించే తాపడం వాళ్లు ఇంజనుకి చేయించారన్నమాట.

1997లో 5.4 లక్షల పౌండ్లు పెట్టి కొన్నాడు. రెండేళ్లకి ఎవరిదో రోవర్ మెట్రోని వెనకనుంచి గుద్దాడు. 2011లో ఏకంగా చెట్టునీ, రోడ్డు పక్క బోర్డునీ గుద్దితే మంటలు లేచాయి. బాగు చేయించడానికి బీమావాళ్లకి 9.1 లక్షల పౌండ్లు వదిలాయి. కొన్న ధరని మించిన రిపేరు! మన ఇళ్లలో అయితే "తుక్కుకిచ్చెయ్యండీ, పీడా పోతుంది" అనేవారు. బీమావాళ్లు మాత్రం నోరెత్తకుండా కట్టారు. అప్పటికే దాని విలువ ఆ బిల్లుకి కొన్ని రెట్లుంది మరి. 66 వేల కిలోమీటర్లు తిరిగిన అదే బండిని 2015లో సుమారు 80 లక్షల పౌండ్లకు అమ్మాడు. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు. ఈ ఏనుగు రెండుసార్లు చావుతప్పి దాదాపు పదిహేను వేలు పలికింది.

అసలు తమాషా పన్ను దగ్గరుంది. బ్రిటన్‌లో సొంత కారు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను లేదు. చట్టం దృష్టిలో కారు అరిగిపోయే ఆస్తి. పదిహేను రెట్లు అరిగింది పాపం.

మన కార్లు నిజంగానే అరుగుతాయి. షోరూం గేటు దాటగానే ధర పడిపోతుంది. బంపరు సొట్టపోయి క్లెయిము పెడితే సర్వేయరుగారు వచ్చి, "ప్లాస్టిక్ కదండీ, సగం తరుగు తీసేస్తాం" అంటారు. పైగా నో క్లెయిమ్ బోనసూ గల్లంతు.

అలాగని ఎఫ్1 యజమానులకి ఖర్చుల్లేవని కాదు. ఎఫ్1కి పెట్రోలు ట్యాంకులోని సంచీని అయిదేళ్లకోసారి మార్చాలి, కారు తీసినా తీయకపోయినా. జబ్బేమిటో కనిపెట్టడానికి 2016లో కూడా మెకానిక్కులు తొంభైల నాటి కంపాక్ ల్యాప్‌టాప్‌నే వాడేవారు. దానికి విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ఆ దేవుడికే ఎరుక.

అన్నింటికన్నా పెద్ద ఖర్చు మాత్రం నడపడమే. 1995 నాటి మరో ఎఫ్1ని 2021లో పెబుల్ బీచ్ వేలంలో 2 కోట్ల 4.65 లక్షల డాలర్లకు పాడుకున్నారు. అది 26 ఏళ్లలో తిరిగింది 390 కిలోమీటర్లు. అంటే ఏడాదికి పదిహేను. మనవాళ్లు కొత్త బండిని గుడికి తీసుకెళ్లి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చినంత. అలా దాచినందుకే ఆ ధర. ఇక కొన్నాయన తాళం తిప్పిన మరుక్షణం నుంచీ మీటరుతోపాటు గుండె కూడా పరుగెత్తాలి. వేలం నుంచి దాన్ని లారీ మీదే ఇంటికి చేర్చి ఉంటాడని నా అనుమానం.