జిరాక్సు కాపీల మధ్య నేను

నేను హెచ్‌ఐవీని. అందులోనూ సి రకం. మన దేశంలో మావాళ్లదే ఎక్కువ పాలు. గుంటూరు మిర్చియార్డు దగ్గర తొడిమలు తీసే ఒకామె ఒంట్లో, ఒక సీడీ4 జ్ఞాపక కణపు డీఎన్‌ఏలో నా కాపురం.

మా పుట్టుకే తప్పుల తడక. మా జన్యుక్రమంలో సుమారు 9,700 అక్షరాలుంటాయి. దాన్ని రాసే ఎంజైముకు రాసింది చూసి దిద్దే అలవాటు లేదు. ఇంచుమించు మూడు కాపీలకొకసారి ఏదో అక్షరం మారుతుంది. మందు పడని ఒంట్లో మేం రోజుకు వెయ్యి కోట్లమంది దాకా పుడతాం. అంటే ఏ ఒక్క మందుకైనా లొంగని వాడు, ఆ మందు నోట్లో పడకముందే ఎక్కడో పుట్టి ఉంటాడు. మందులు వాడటం వల్లే వైరస్ మారిందంటారు కొందరు. వట్టి అభాండం! మందు మమ్మల్ని మార్చదు, ఏరుతుంది.

1987లో జిడోవుడిన్ ఒక్కటే వచ్చినప్పుడు మావాళ్లు నెలల్లోనే దాన్ని దాటేశారు. 1996 నుంచి మూడేసి మందులు కలిపి ఇవ్వసాగాక మా పప్పులుడకలేదు. మూడింటికీ సరిపడా మార్పులు ఒకే కాపీలో పడటం దాదాపు అసాధ్యం.

2004 ఏప్రిల్ 1న హెచ్‌ఐవీకి ఉచిత మందులు (ఏఆర్‌టీ) ఇవ్వడం మొదలైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ తర్వాత కొన్నేళ్లకు ఈమెకూ మందులు రాశారు: జిడోవుడిన్, లామివుడిన్, నెవిరాపిన్. "ఒక్కపూట కూడా మానొద్దు తల్లీ" అని కౌన్సెలరమ్మ చెబుతూనే ఉండేది. కానీ ఎండాకాలం యార్డులో పని ముమ్మరం. మందులకని వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. డబ్బా ఖాళీ అయింది. మూడు మందులూ ఒకేసారి ఒంట్లోంచి దిగిపోవు. మిగతావి పోయాక కూడా నెవిరాపిన్ రోజుల తరబడి ఉంటుంది, ఒంటరిగా. మాకు కావలసిందీ అదే. మా రాత ఎంజైములో 103వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారినవాడికి ఆ మందు ఒక లెక్క కాదు. మళ్లీ మాత్రలు మొదలెట్టి, మళ్లీ మానేసరికి 184వ స్థానమూ మారింది. లామివుడిన్‌కూ కాలం చెల్లింది. ఆ 184 వాడు కాస్త మందకొడి, నిజమే. అయినా రకరకాలుగా ఉన్న మా గుంపు పోయి, రక్తం నిండా వాడి సంతానమే మిగిలింది.

ఇప్పుడు రోజుకొక్క మాత్ర: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్. ఈమె మానడం లేదు. వైరల్ లోడ్ పరీక్షకు అందనంత తగ్గింది. కొత్త కణాల్లోకి దారి మూసుకుంది గనక కొత్త తప్పులూ లేవు. అయితే నా కణం చీలినప్పుడల్లా నాకూ నకలు పడుతుంది. మా ఎంజైములా కాదు, ఆ కణపు రాతగాడు తప్పులు దిద్దుకునే రకం. అందుకే నా చుట్టూ అచ్చం నాలాంటి జిరాక్సు కాపీలు. తక్కిన ఇరుగుపొరుగులో నూటికి తొంభైమందికి పైగా జన్యుక్రమం చెడిపోయి, పిల్లల్ని కనలేనివాళ్లే. బాగున్నవాళ్లం సగానికి తగ్గడానికి నాలుగేళ్లు పట్టొచ్చు. మాత్రలు ఆగితే రెండు మూడు వారాల్లో మాలో ఎవరో ఒకరం బయటపడతాం.

మందు పనిచేయనప్పుడు చేసే జన్యు పరీక్ష, రక్తంలో తిరిగేవాళ్లనే చదువుతుంది. ఆ 184 వాడి వారసుడొకడు పక్క కణంలోనే పడుకుని ఉన్నాడు. అలాంటివాడి ఊసు రిపోర్టుకెక్కదు.