పులి ముందు ధింసా

ఇక మన్యం బాగుపడినట్టే. హోమ్‌స్టేలు వచ్చేస్తున్నాయి. కొత్తగా రెండు గదులు కట్టుకుంటే 5 లక్షల దాకా, ఉన్నవి బాగుచేసుకుంటే 3 లక్షల దాకా సర్కారువారు ఇస్తారట. పక్కా ఇల్లు ఇప్పించండి బాబూ అని ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్న కొండవాళ్లకి కిటుకు తెలియలేదంతే. ఉండటానికి కాదు, అద్దెకివ్వడానికి అడగాలి.

సరే, ఇళ్లు రానివ్వండి. నా ఒళ్లు మండేది ధింసా దగ్గర.

హెలికాప్టర్ దిగితే ధింసా. రిబ్బను కత్తిరిస్తే ధింసా. కాఫీ స్టాలు తెరిచినా ధింసాయే. ఒకే రంగు చీరలు కట్టించి, రెండు గంటల ముందే ఎండలో వరసగా నిలబెడతారు. అతిథిగారు కారు దిగి నాలుగడుగులు తప్పుగా వేసి, కెమెరా వైపు నవ్వి, ఏసీలోకి వెళ్లిపోతారు. మర్నాడు పేపర్లో 'గిరిజనులతో మమేకం'.

చైత్రంలో ఇటుకల పండక్కో, పెళ్లికో ఊరంతా కలిసి ఆడుకునే ఆట అది. అందులో బోలెడు రకాలు. గ్రామదేవతకి ఒకటి. అడవిలో ఆకులు ఏరే తీరుకి ఒకటి. భుజాలతో ఒకరినొకరు తోసుకునేది ఇంకొకటి. పులి మీదపడితే ఎలా తప్పించుకోవాలో ఆడి చూపించేది బాగ్ ధింసా. నన్నడిగితే పర్యాటక పెట్టుబడుల సదస్సుల్లో ఈ చివరిదొక్కటే ఆడించాలి. మిగతావి అక్కడ అతకవు.

మాడగడ కొండ మీద ఇంకో వినోదం. పొద్దున్నే మబ్బులు చూడ్డానికొచ్చిన మైదానం జనానికి భుజాన ముడేసే చీర, పూసలదండలు అద్దెకిస్తారు. అరగంట గిరిజనులు కావచ్చు. ఆ అరగంటలో మా బంధువులావిడ ఒకరు ఆ వేషంలోనే 'ఎంత అమాయకులో పాపం' అని జాలిపడ్డారు. బేరం మాత్రం ఆవిడే గట్టిగా ఆడారు.

బొంగులో చికెన్ గురించి నేనేం మాట్లాడను. అదిప్పుడు హైదరాబాదు వంటకం.

భూమి సంగతికొద్దాం. 2025 మొదట్లో విశాఖలో జరిగిన సభలో, గిరిజనుల భూమిని గిరిజనేతరుల చేతికి పోనివ్వని 1/70 చట్టాన్ని సడలిస్తే కానీ మన్యంలో పర్యాటకం పెరగదన్న మాట వేదిక మీంచే వినపడింది. ఫిబ్రవరిలో మన్యం బంద్ చేస్తే, అబ్బే, చట్టం జోలికే వెళ్లం అన్నారు. వెళ్లేదేముంది? షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు కూడా గిరిజనేతర వ్యక్తేనని, గిరిజనేతరులకి భూమి లీజుకివ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. అదీ టికెట్టు కొని మనం గబ్బిలాలు చూసొచ్చే బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద పుట్టిన కేసే. అయినా రోడ్డు పక్కన రిసార్టులకి లోటు లేదు. బోర్డు మీద గిరిజనుడి పేరుంటుంది, గల్లాపెట్టె దగ్గర మైదానం వాడుంటాడు.

2017 నుంచి అరకుకి అద్దాల రైలుపెట్టె నడుస్తోంది. సొరంగం రాగానే లోపల ఈలలు. ఆ లైను వేసింది కూడా మనుషుల కోసం కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజం జపాను చేరాలని. అదే మన్యంలో నొప్పులొచ్చిన ఆడమనిషిని కర్రకి దుప్పటి కట్టి, డోలీలో కొండ దింపుతున్నారు. వాగు పొంగితే ఒడ్డునే కాన్పు. పిల్ల బతికితే వార్త చిన్నది, చస్తే కాస్త పెద్దది. సిగ్గుండాలి మనకి. వ్యూపాయింట్ దాకా తారు పోసిన చేతులకి పక్క ఊరి దాకా పోయడానికి ఏం రోగం? చదువూ అంతే. స్థానిక గిరిజనులకే టీచరు ఉద్యోగాలన్న జీవో 3ని 2020లో కోర్టు కొట్టేస్తే, పిల్లలకి వాళ్ల భాషలో చెప్పేవాళ్లెవరని అరకులో జరిపే ఏ చలి ఉత్సవంలో అడిగారు? ఆట కావాలి, చీర కావాలి, చికెన్ కావాలి. మాట మాత్రం అక్కర్లేదు.

నిన్న మా మేనల్లుడు కొండ మీంచి ఫోన్ చేశాడు. ముడేసిన చీరలో పెళ్లాం పక్కన దిగిన ఫొటో గంట నుంచి అప్‌లోడ్ కావట్లేదట.

"ఏం ఊరు మామయ్యా ఇది, సిగ్నలే లేదు! కొండ చివరికెక్కితే ఈ ఒక్క గీతొచ్చింది."

108కి ఫోన్ చెయ్యడానికి ఆ ఊరివాళ్లు ఎక్కేదీ అక్కడికేరా అన్నాను. వినపడలేదనుకుంటాను. హోమ్‌స్టేకి ఒక్క స్టారే ఇస్తానంటూ ఉండగానే లైను కట్టయింది.