సగం తాగే ఇంజను

మా బాబాయి ఆయిల్ ఇంజను రెండు నిమిషాలు తిరిగి, మూడో నిమిషంలో ఆవిరి కక్కి, నాలుగో నిమిషంలో పట్టేసింది. ఆ సంగతి చెప్పడానికి ఆయన మెకానిక్ దగ్గరికి పోలేదు. నేరుగా మంగళగిరిలో మా ఇంటికొచ్చాడు.

"ఒరే అబ్బాయ్, ఇరవై ఏళ్ళు విమానాల ఇంజన్లు విప్పావు. ఐదు గుర్రాల ఇంజను నీకొక లెక్కా?"

నా ఇరకాటం మీకైనా చెప్పుకోవాలి. వాయుసేనలో ఫిట్టరుగా చేసిన మాట నిజమే. కానీ నేను చూసినవన్నీ జెట్లు. వాటిని చల్లబరచడానికి నీటిచుక్క వాడరు. ఇప్పటి జెట్లలో మంట వేడి టర్బైన్ బ్లేడు లోహం కరిగే వేడిని కూడా దాటేస్తుంది. అయినా బ్లేడు కరగదు. దాని కడుపులో సన్నటి దారులు తొలిచి వాటిగుండా గాలి పంపుతారు. అంటే నాకు తెలిసిన చల్లదనమంతా గాలిదే. ఈ ముక్క చెబితే బాబాయి "అయితే ఇరవై ఏళ్ళూ గాలి కబుర్లేనా?" అంటాడు. అందుకని, "చూద్దాం బాబాయ్" అని ఊరుకున్నాను.

ఇంజను ట్రాక్టరు మీద వచ్చి మా పెరట్లో దిగింది. సిలిండరు చుట్టూ నీళ్ళు తిరిగే ఖాళీని వాటర్ జాకెట్ అంటారు. అందులో ఏముందో కంటికి కనబడదు. కనబడనిదాన్ని కొలవాలంటే పోసి చూడాలి. పక్క చేను ఆసామికి అచ్చం ఇలాంటి ఇంజనే ఉంటే వెళ్ళి దానికి పోసి చూశాం. ఎనిమిది గ్లాసులు పట్టింది. మాదానికి పోశాం. నాలుగు గ్లాసులకే గుడగుడమని పైకి తన్నేసింది.

బాబాయి చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. "పానకాల స్వామిరా!"

మా ఊరివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. కొండ మీద నరసింహస్వామి నోట్లో శంఖంతో పానకం పోస్తారు. గుటక వేసిన చప్పుడవుతుంది. చప్పుడు ఆగిందంటే స్వామికి చాలని, మిగతా సగం మనకు ప్రసాదమని లెక్క. స్వామి సగం వెనక్కిస్తే దయ. ఇంజను సగం వెనక్కిస్తే గార.

గార ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకనక్కర్లేదు. బాబాయి బోరు నీళ్ళల్లో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. ఆ నీళ్ళే డ్రమ్ములో పోసి ఏళ్ళ తరబడి ఇంజనుకు తిప్పాడు. నీళ్ళు వేడెక్కినప్పుడల్లా అందులోని సున్నం విడిపోయి గోడకు అంటుకుంటుంది. ఆ పొర గుండా వేడి బయటికి పోలేదు. చుట్టూ నీళ్ళున్నా ఇంజను రగ్గు కప్పుకుని ఎండలో కూర్చున్నట్టే.

"విమానానికి కూడా ఇలా గార పడుతుందా?" అన్నాడు బాబాయి.

పడదని అనబోయి ఆగాను. 1903లో రైట్ సోదరుల విమానాన్ని ఎగరేసిన ఇంజను నీళ్ళతో చల్లబడేదే. వాళ్ళ సైకిల్ షాపు మెకానిక్ చార్లీ టేలర్ తయారుచేశాడు. సుమారు పన్నెండు గుర్రాల బలం. మొదటిసారి ఎగిరింది పన్నెండు సెకన్లు. గుర్రానికో సెకను. తర్వాత స్పిట్‌ఫైర్ యుద్ధవిమానంలో పెట్టిన రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజనుకి మొదట్లో నీళ్ళు కాదు, అచ్చంగా గ్లైకాల్ అనే ద్రవం పోసేవారు. ఇదంతా చెప్పి, ఆ గ్లైకాల్ తియ్యగా ఉంటుందని కూడా అన్నాను.

"తియ్యగానా! అంటే పానకమేగా?"

"విషం బాబాయ్. ప్రసాదం అనుకుని తాగితే కిడ్నీలు పోతాయి."

సగమే విన్నాడు. మా కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, అది చల్లగా ఉండాలనే పానకం పోస్తున్నామనీ మా ఊళ్ళో ఒక మాట ఉంది. నిజమెంతో గానీ, ఆ లెక్కన కొండే ఒక ఇంజను, పానకమే కూలెంటు. మర్నాడు పొద్దున బాబాయి పది కిలోల నల్లబెల్లంతో దిగాడు. "కొండకి పనిచేసింది ఇంజనుకి చెయ్యదా?"

నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగింది. పాత ఇనప సామాను బాగుచేసేవాళ్ళు మొలాసిస్‌ని, అదే చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే నల్లటి మడ్డిని, ఒకటికి తొమ్మిది పాళ్ళ నీళ్ళు కలిపి, తుప్పు పట్టిన ఇనుమును అందులో వారాల తరబడి నానబెడతారు. తుప్పు వదులుతుంది. అల్యూమినియం మాత్రం అందులో పడితే తినేస్తుంది కాబట్టి మెర్లిన్ లాంటి అల్యూమినియం దిమ్మెకి ఇది పనికిరాదు. మాది పోత ఇనుము. నల్లబెల్లంలో ఆ మడ్డి ఉండనే ఉంది. ఎలా కాదనను?

జాకెట్ నిండా చిక్కటి పానకం పోసి మూతలు బిగించాం. వారం తిరక్కుండా పులిసింది. నల్లబెల్లం పులిసిన వాసనంటే నాటుసారా తప్ప ఇంకోటి గుర్తురాని ఊళ్ళు మనవి. ఎదురింటాయన గోడ మీంచి తొంగిచూసి, గొంతు తగ్గించి, "ఎప్పుడు దించుతున్నారు?" అని అడిగాడు. ఇంజను చూపించాను. నమ్మలేదు.

రెండు వారాలకు తుప్పు వదిలింది. సున్నం చెక్కుచెదరలేదు. బెల్లం తుప్పుని కరిగిస్తుంది గానీ సున్నాన్ని కాదు. దానికి గట్టి పులుపు కావాలి. మా ఆవిడ వంటింటి డబ్బాలోంచి నిమ్మ ఉప్పు తెచ్చి వేడినీళ్ళలో కలిపి పోశాను. లోపల సోడా కాయ కొట్టినట్టు చుయ్యిమంది. నురగతోపాటు బూడిదరంగు పెళ్ళలు వచ్చాయి, వాటి వెనకే కందిరీగలు కట్టిన మట్టి గూడు, ఆ వెనక ఒక గుడ్డపీలిక. వాయుసేనలో పని ముగిశాక పనిముట్లూ గుడ్డలూ లెక్కపెట్టి అప్పజెప్పందే విమానం వదలరు. ఈ పీలిక ఏ మెకానిక్ ఏ సంవత్సరంలో మరిచాడో! మూడుసార్లు పులుపు మార్చి, చివర్లో వంటసోడా నీళ్ళతో కడిగి, ఆపైన దాచిపెట్టిన వాననీళ్ళతో కడిగాను. పులుపు లోపల మిగిలితే ఈసారి ఇనుమునే తింటుంది.

తర్వాత కొత్త రింగులు వేసి, గ్లాసు పట్టుకుని కూర్చున్నాం. నాలుగు పోశాం, గుడగుడ లేదు. ఆరు. ఏడున్నర. ఎనిమిదోది పోస్తుంటే బాబాయి శ్వాస బిగబట్టాడు. అంచుదాకా నిండింది, చుక్క కూడా బయటికి రాలేదు.

ఇంజను ఇప్పుడు చేలో తిరుగుతోంది. ఈ ఘనతంతా బెల్లానిదేనని బాబాయి ఊరంతా చెప్పుకుంటున్నాడు. డ్రమ్ములోకి వాననీళ్ళే పట్టమన్నాను. బోరు నీళ్ళే పడుతున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే. కొండ మీద అంత పానకం ఒలుకుతున్నా చీమ కనబడదంటారు. ఎలా కనబడుతుంది, అన్నీ మా పెరట్లోనే ఉన్నాయి. వదిలించే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నిమ్మ ఉప్పు మాత్రం చెప్పకండి, డబ్బా ఖాళీ అయిందని మా ఆవిడ ఇంకా మాట్లాడటం లేదు.