సూది మార్గమా, నాలుక మార్గమా?

మోక్షానికి జ్ఞానం, భక్తి, కర్మ అని మన పెద్దలు మూడు దారులు చూపించి ఊరుకున్నారు. యవ్వనానికి ఇప్పుడు అమెరికాలో దానికి రెట్టింపు దారులున్నాయి. పొట్ట మీద సూది, నాలుక కింద చుక్క, ముక్కులో స్ప్రే, నోట్లో గుళిక, భుజానికి పట్టీ, ముఖానికి క్రీము. ఏ దారిన పోయినా లోపలికి వెళ్లే దేవుడు ఒక్కడే. పేరు పెప్టైడ్. అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. మోకాలి నొప్పి అనండి, నిద్ర పట్టట్లేదనండి, జుట్టు, ముడతలు, మతిమరుపు అనండి, దానికో గొలుసు సిద్ధంగా ఉంటుంది.

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మా బావగారికి యాభై దాటగానే ధర్మసందేహం వచ్చింది. "ఏరా, ఇంజెక్షన్ మంచిదా, నాజల్ స్ప్రేనా?" అని ఫోను. "దేనికి బావా?" అన్నాను. "దేనికేంట్రా, ఓవరాల్‌గా" అన్నారు. ఓవరాల్ అనే జబ్బు ఉందని, దానికి ఆరు రకాల మందు ఉందని అప్పుడే తెలిసింది. దారి గురించి గంటసేపు అడిగిన మనిషి, సరుకు గురించి ఒక్క ముక్క అడగలేదు.

సరే, దారుల సంగతే చూద్దాం. అన్నిటికంటే సుఖమైనది గుళిక. చిక్కల్లా పొట్టతోనే. దానికి రేటు తెలియదు. మూడు వందల డాలర్ల పెప్టైడ్ వచ్చినా, ముప్ఫై రూపాయల పెసరట్టు వచ్చినా ఒకే మర్యాద చేస్తుంది, ముక్కలు ముక్కలుగా కోసి అరిగిస్తుంది. ఇన్సులిన్ కూడా పెప్టైడే, 51 అమైనో ఆమ్లాల జంట గొలుసు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ దాన్ని పట్టుకున్నారు. మరుసటి ఏడాదే మనుషులకు సూదితో ఎక్కించారు. మాత్రగా మార్చాలని నూరేళ్లుగా పెద్ద పెద్ద బుర్రలు తన్నుకుంటున్నాయి. మందుల షాపుకెళ్లి ఇన్సులిన్ మాత్ర అడగండి, ఇప్పటికీ దొరకదు.

సెమాగ్లుటైడ్ అనే పెప్టైడ్ మందు ఎలాగో పొట్టను దాటింది. 2019లో అమెరికా ఎఫ్‌డీఏ ఆ మాత్రకు అనుమతిచ్చింది. దాటిన తీరు చూస్తే జాలేస్తుంది. షుగరుకు సూదిలో వారానికి 1 మిల్లీగ్రాము చాలే మందు, మాత్రలో రోజుకి 14, అంటే వారానికి 98 మిల్లీగ్రాములు. అందులో రక్తంలోకి చేరేది నూటికి ఒక పాలు కూడా అనుమానమే. పైగా పరగడుపున, అర గ్లాసు నీళ్లకు మించకుండా మింగి, అరగంట దాకా ఏదీ ముట్టకూడదు. కాఫీ కూడా! ఇంత తపస్సు చేస్తే ఆ ఒక్క పాలు. అదీ కంపెనీ ఏళ్ల తరబడి పరీక్షలు చేశాక. మరి ఎవరో గ్యారేజీలో గుళికలో కూరిన పొడి ఏమాత్రం దాటుతుందో మీరే లెక్కేసుకోండి.

కొల్లాజెన్ పొడిదీ అదే కథ, మనవాళ్లకి మాత్రం దాంతో ఇంకో తంటా ఉంది. ఆ పొడి ఎక్కువగా పశువుల తోలు నుంచో, చేప చర్మం నుంచో తీస్తారు. కార్తీక మాసమంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఇళ్లలో పొద్దున్నే స్మూతీలో రెండు చెంచాలు పడుతోంది. శివుడు డబ్బా వెనక అక్షరాలు చదవడని ధైర్యం కాబోలు.

నాలుక కింద చుక్కలకి మనవాళ్ల దగ్గర బలమైన సాక్ష్యం ఉంది. "గుండె నొప్పొస్తే సార్బిట్రేట్ నాలుక కిందే కదా పెడతారు?" నిజమే. దాని అణుభారం 236. బావగారు వాడదామనుకుంటున్న బీపీసీ-157 అనే పెప్టైడ్‌కి అంతకు ఆరు రెట్లు. పిల్లి దూరే కంతలో గేదె దూరదు. ముక్కు దారి నయమే, డెస్మోప్రెసిన్ లాంటి అసలు మందులు ఆ దారిన వెళ్తున్నాయి, వేసినదాంట్లో నూటికి మూడు నాలుగు పాళ్లు చేరితే గొప్ప. పట్టీలు, క్రీములు చర్మానికి మెరుపు తెస్తాయో లేదో గానీ అమ్మేవాడి ముఖానికి తప్పకుండా తెస్తాయి.

ఇక మిగిలింది సూది. మనకి సూదంటే ఎనలేని గురి. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు మాత్రలిచ్చి పంపితే "ఆయనకి వైద్యం రాదు" అంటాం. నీరసమొస్తే సెలైన్ ఎక్కాల్సిందే. అదే సెలైన్‌లో విటమిన్ కలిపి, ఏసీ గదిలో సోఫా వేసి ఎక్కిస్తే ఇప్పుడు వెల్‌నెస్.

బావగారు చివరికి సూదికే ఓటేశారు. వీడియో కాల్‌లో ఫ్రిజ్ తెరిచి చూపించారు. ఆవకాయ సీసా పక్కన బొటనవేలంత గాజు సీసా, రబ్బరు మూత, అడుగున చిటికెడు తెల్లపొడి, 5 మిల్లీగ్రాములట. 2 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, ఇన్సులిన్ సిరంజిలో 10 యూనిట్ల గీత దాకా లాగితే 250 మైక్రోగ్రాములు. పొరపాటున ఒక్క మిల్లీలీటరే కలిపితే అదే గీత దగ్గర డోసు రెట్టింపు. ఇదంతా ఎక్సెల్ షీటులో వేసుకున్నారు. పక్కనుంచి మా అక్క, "ఉప్మాకి నీళ్లెన్ని పొయ్యాలో తెలీదు గానీ" అంది. నవ్వుకోవద్దు. సీసాల్లో వచ్చిన సెమాగ్లుటైడ్‌ను ఇంట్లో కొలుచుకుని, ఐదు నుంచి ఇరవై రెట్లు పొడుచుకున్నవాళ్లున్నారని 2024లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

ఇంతకీ సీసాలో ఏముంది? బీపీసీ-157 మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం ఎలుకల మీదే. మనుషుల మీద చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2022 నుంచి క్రీడాకారులకి దాన్ని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధించింది. మన హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో అసలు పెప్టైడ్ మందుల ముడిసరుకు చేసేవాళ్లు గౌన్లు, మాస్కులు వేసుకుని బ్యాచ్ బ్యాచ్‌కీ పరీక్షలు చేస్తారు. బావగారి సరుకు బుడగల కవరులో పోస్టులో వచ్చింది. లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో, "పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు" అని ఉంది. "అది లీగల్ ఫార్మాలిటీరా" అన్నారాయన.

షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు మాత్రం ఈ కాలమ్ చదివి సూది మానేయకండి. అది మందు. దానికి రాసిన డాక్టరు, అమ్మిన షాపు బిల్లు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయి. మీ ఫ్రిజ్‌లో ఇంకో సీసా కూడా ఉంటే, వీటిలో దానికి ఎన్ని ఉన్నాయో ఈ రాత్రే ఒకసారి తీసి చూడండి.