రోడ్డుకు ఎఫ్‌సీ ఎవరిస్తారు?

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోయినవాణ్ని చూసి ఊరంతా నవ్విందట. బెంగళూరులో పాత ఎస్‌యూవీకి ట్రైలరు తగిలించుకుని బయల్దేరేవాణ్ని చూసి నవ్వే తీరిక కూడా ఎవరికీ లేదు. అందరూ కె.ఆర్.పురం దగ్గర ఇరుక్కుపోయి ఉన్నారు.

అయినా బయల్దేరదాం. మీ దగ్గర పదిహేనేళ్ల నాటి డీజిల్ బండి ఉందనుకుందాం. సఫారీయో, స్కార్పియోయో, పక్కనే బిడదిలో పుట్టిన ఫార్చ్యూనరో. మీటరు రెండున్నర లక్షలు దాటింది. కొత్తది కొందామంటే కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ టాక్సే 18 శాతం, దాని నెత్తిన సెస్సు. అంతకంటే ఉన్నదాన్నే బాగుచేసుకుంటే పోలేదా? రెండు పరుపులు, ఓ స్టవ్, ఓ నీళ్ల ట్యాంకు పట్టే చిన్న ట్రైలరు. శుక్రవారం సాయంత్రం తగిలించుకుని హార్స్‌లీ హిల్స్‌కో గండికోటకో పోతే చాలు. ఇంతే కోరిక. తప్పా?

తప్పెందుకవుతుంది? ఏలినవారే రమ్మంటున్నారు కదా! కేంద్ర పర్యాటక శాఖ దగ్గర కారవాన్ విధానం ఉంది. కేరళ 2021లో ‘కేరవాన్ కేరళ’ అని బాజాలు మోగించింది. పర్యాటక విధానం రాసే ప్రతి అధికారికీ ఇప్పుడు ఆ మాట మహా ముద్దు. రిబ్బన్లు కట్టారు, కత్తిరించారు, ఫొటోలు దిగారు. మరి మనలాంటివాడు సొంత బండికి సొంత ట్రైలరు తగిలించుకుని వెళ్తే రాత్రికి ఎక్కడ ఆపుకోవాలి? నీళ్లెక్కడ పట్టుకోవాలి? మురుగెక్కడ వదలాలి? లేపాక్షి గుడిలో వేలాడే స్తంభం చూశారుగా. మన విధానాలూ అంతే. చూడ్డానికి నిలబడే ఉంటాయి. నేలకు మాత్రం ఆనవు.

సరే, ముందు మన బండి సంగతి చూద్దాం. పాత బండి అబద్ధమాడదు. అడిగేవాడుండాలి.

బానెట్ ఎత్తండి. కూలెంట్ మార్చి ఎన్నేళ్లయింది? గుర్తులేదు. హోస్ పైపు నొక్కి చూడండి. ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు. లాగే బండికి మొదటి శత్రువు వేడి. ఖాళీగా తిరిగినన్నాళ్లూ సగంలో నిలిచిన సూది, వెనక 700 కిలోలు తగిలాక ఘాట్ రోడ్డు మూడో మలుపులోనే ఎర్రగీత మీదికెక్కుతుంది. ఆటోమేటిక్ గేరుబాక్సయితే దాని ఆయిలు చల్లబడే దారి చూడాలి. మామూలు గేర్లయితే క్లచ్ ప్లేటు చూడాలి. సిల్క్ బోర్డు దగ్గర అరగంట సేపు జానెడు జానెడు జరిగాక ఆ ప్లేటు సంగతి మెకానిక్ చెప్పక్కర్లేదు. మీ ముక్కే చెబుతుంది.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. కొండ దిగుతుండగా మరిగిందా, పెడల్ కాలి కింద మెత్తగా జారిపోతుంది, ఎన్నికలయ్యాక హామీ జారినట్టు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. గాడులు లోతుగా ఉన్నాయని మురిసిపోకండి. రబ్బరుకూ వయసుంటుంది. ఈ దేశంలో రిటైర్మెంటు లేనిది నాయకులకే.

ఇక బరువు. ట్రైలరు మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హుక్కు మీద పడాలి. 700 కిలోల ట్రైలరైతే 70 నుంచి 105 కిలోలు. తక్కువ పడితే వేగంలో ట్రైలరు అటూ ఇటూ ఊగుతుంది. ఎక్కువ పడితే బండి వెనక్కి కుంగి హెడ్‌లైట్లు చుక్కలు లెక్కపెడతాయి. ఆ బరువును బండి మోయగల బరువులోనే కలిపి లెక్కేయాలి. లోపల నలుగురు, పైన క్యారియరు, డిక్కీలో బియ్యం, పచ్చళ్ల జాడీ అన్నీ పోను మిగిలిందెంత? ఆ లెక్క ఎవరైనా వేశారా?

ఇవన్నీ విన్నాక మనవాడు ఏం చేస్తాడు? నేరుగా బండ్ల విడిభాగాలమ్మే జె.సి.రోడ్డుకు వెళ్తాడు. బ్రేక్ ఫ్లూయిడ్ కొంటాడనుకున్నారా? కళ్లు బైర్లు కమ్మే ఎల్‌ఈడీ లైట్లు కొంటాడు. బుష్‌లు మార్పిస్తాడనుకున్నారా? ముందు బంపరుకు ఇనుప కమ్మీలు బిగిస్తాడు. హుక్కును ఛాసిస్‌కు బోల్టులతో పట్టించాలి. మనవాడు బంపరు కింద రెండు చుక్కలు వెల్డింగ్ పెట్టిస్తాడు. ‘ఏను ఆగల్ల సార్’ అంటాడు వెల్డరు. ‘ఏం కాదులే’ అని మనవాడు తెలుగులో తృప్తిపడతాడు. రెండు భాషల్లోనూ అర్థం ఒక్కటే. అయినప్పుడు చూద్దాం! ఆ వెల్డింగు ఊడి, ట్రైలరు వెనకొచ్చే స్కూటరు మీద పడితే? చూసేది ఎవరు? పోయేది ఎవరు?

కార్ల కంపెనీలేమైనా తక్కువ తిన్నాయా? ఆ మధ్య టాటా కర్వ్ ఈవీ ఏకంగా 48 టన్నుల బోయింగ్ 737ను వంద మీటర్లకు పైగా లాగింది. విమానాశ్రయంలో. అద్దంలాంటి నేల మీద. రికార్డులకెక్కింది. చప్పట్లు కొట్టాం. ఇప్పుడు ఏ షోరూముకైనా వెళ్లి, ‘అయ్యా, ఈ బండి ఎన్ని కిలోల ట్రైలరు లాగుతుంది?’ అని అడగండి. కుర్రాడు సన్‌రూఫ్ తెరిచి చూపిస్తాడు. ఆస్ట్రేలియాలో ఫార్చ్యూనర్ కొనేవాడికి 3,100 కిలోలు లాగవచ్చని లెక్క చేతిలో పెడతారు. అక్కడ 750 కిలోలు దాటితే ట్రైలరుకు సొంత బ్రేకులుండాలని చట్టం. మన బ్రోషర్లలో చాలావాటిలో స్పీకర్లెన్నో ఉంటుంది, సీటు కుట్టు రంగేదో ఉంటుంది. లాగే బరువు కోసం భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. విమానాన్ని లాగే సత్తా ఉన్న పరిశ్రమకు ఒక్క అంకె లాక్కొచ్చి కాగితం మీద పెట్టే సత్తా లేదా?

ఇక చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ట్రైలరుకు నిర్వచనం ఉంది. దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబరు. అది చాలదని లాగే బండి నంబరు కూడా ట్రైలరు మీద కనిపించాలంటుంది 61వ సెక్షన్. మంచి చట్టమే. ఎవరు కాదన్నారు? కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే మాట గట్టిగా చెప్పింది. మరి చిన్న కుటుంబ ట్రైలరు కోసం హుక్కు బిగిస్తే అది మార్పా, అమరికా? తెలుసుకుందామని కాగితాల కట్టతో కౌంటరు దగ్గర నిలబడండి. ‘ట్రాక్టరెక్కడ?’ అని అడక్కపోతే మీ అదృష్టం. మీది ఏపీ నంబరో, తెలంగాణ నంబరో అయితే ఇక చెప్పేదేముంది. ట్రైలరు మాట దేవుడెరుగు, 12 నెలలు దాటితే ఇక్కడి నంబరు తీసుకోవాలన్న లెక్క ముందు తేలాలి.

బంపరు ముందు ఇనుప కమ్మీలు చట్టవిరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలన్నిటికీ రాసింది. ఆ ఉత్తరం ఎవరికి అందింది? కాన్వాయిల్లో దూసుకుపోయే తెల్లబండ్ల వాళ్లకైతే అందినట్టు లేదు.

ఇప్పుడు అసలు వేళాకోళం వినండి. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించడానికి ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కారుకు దాన్ని 10,000 చేశారు. ముసలి బండి ప్రమాదం, పొగ, కాలుష్యం. సరే, ఒప్పుకుందాం. సరిగ్గా అదే ఆగస్టులో కర్ణాటకలో ఏం జరిగింది? పెండింగు ట్రాఫిక్ చలాన్లకు సగానికి సగం తగ్గింపు! 2023 ఫిబ్రవరిలోనూ ఇదే పండగ. సిగ్నల్ దాటినవాడికి ఆషాఢం సేలు. బండిని బాగుచేసుకుని, ఫీజు కట్టి, వరసలో నిలబడినవాడికి రెట్టింపు వాత. తప్పు చేసి దాక్కుంటే రాయితీ, ఒప్పు చేసి ముందుకొస్తే జరిమానా. ఇది ఏ ఊరి న్యాయం?

ఆ ఫీజులన్నీ కట్టి రోడ్డెక్కుతాం. ఏ రోడ్డు? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన వీధిలోది? రాత్రికి రాత్రి ఎవరో తారు కుమ్మరించిన దిబ్బ. ఎస్‌యూవీ దూకేస్తుంది. వెనకున్న ట్రైలరు బొడ్డు గీసుకుంటుంది. హుక్కు మీద పడాల్సిన 70 కిలోల బరువు గుంతలో పడ్డ ప్రతిసారీ సమ్మెట దెబ్బవుతుంది. బండి ఇరుసుకు పరీక్షలున్నాయి. గుంత లోతుకు పరీక్ష ఏది?

ఇలా అడుగుతామనే కాబోలు, దేవుడే దిగివచ్చినా రెండు మూడేళ్లలో బెంగళూరు బాగుపడదని 2025 ఫిబ్రవరిలో ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ ముందే సెలవిచ్చారు. అప్పుడు నగరాభివృద్ధి బాధ్యత ఆయనదే. భలే నిజాయితీ! దేవుడి వల్లే కానిదానికి పన్ను మాత్రం మనిషి దగ్గరెందుకు? అదే ఏడు సెప్టెంబరులో ఒక్క బెంగళూరు మహానగర పాలికెను తీసేసి ఐదు కార్పొరేషన్లు చేశారు. బోర్డులు మారాయి. గుంతలకు ఏ కార్పొరేషన్‌లో పడ్డామో కూడా తెలియదు.

నగరం దాటితే బెంగళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే. 8,480 కోట్లు. 2023 మార్చి 12న ప్రధాని ప్రారంభించారు. వారం తిరక్కుండానే వాన పడి రామనగర దగ్గర నీళ్లు నిలిచాయి. పడవ లాక్కెళ్లినా నడిచేది. అదే ఏడు ఆగస్టు 1 నుంచి స్కూటర్లు, ఆటోలు, ట్రాక్టర్లు దాని మీదకు రాకూడదన్నారు. మరి అవి ఎటు పోవాలి? పక్క రోడ్డుకు. చెరకు కోతల కాలంలో చీకటి పడ్డాక మండ్య వైపు ఆ పక్క రోడ్లలో వెళ్లి చూడండి. ఒక ట్రాక్టరు, వెనక రెండు ట్రైలర్లు, కొండంత చెరకు. వెనక దీపం లేదు. మెరిసే స్టిక్కరు లేదు. నంబరు దేవుడికెరుక. బ్రేకు అంతకంటే పెద్ద దేవుడికెరుక. చీకట్లో వెనకనుంచి వచ్చే బైకువాడికి అది కనిపించేది గుద్దుకున్నాకే. ఆ రైతును తిట్టి లాభం లేదు. కోసిన చెరకు ఎండకముందే ఫ్యాక్టరీ గేటు చేరాలి, లేకుంటే ఎండిన బరువు అతని నష్టం. ఆ గేటు దగ్గర తూకం వేసేవాడు చెరకును తూస్తాడు. దీపముందా అని అడగడు. అక్కడ ఒక్క దీపం పరీక్ష పెట్టడానికి ఏ దేవుడు దిగిరావాలి?

మన నగరానికి లాగడం తెలియదనుకునేరు. బాగా తెలుసు. 2022 ఫిబ్రవరిలో జనం మండిపడి ఆపించేదాకా, మనం కాఫీ తాగి వచ్చేలోపు బండిని లాక్కుపోయే టోయింగ్ లారీలు ఎంత చురుగ్గా పనిచేశాయి! హుక్కు ఎక్కడ తగిలించాలో, ఎంత వసూలు చేయాలో వాళ్లకు ఏ విధానం అక్కర్లేకపోయింది. మన బండిని వాళ్లు లాగితే క్రమశిక్షణ. మన ట్రైలరును మనం లాగితే అనుమానం.

ఇంతా చెప్పి బండివాణ్ని వదిలేద్దామా? వద్దు. బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించండి. కూలెంట్, హోస్‌లు, క్లచ్, టైర్ల వయసు చూసుకోండి. హుక్కును ఛాసిస్‌కే బోల్టులతో బిగించండి, వెల్డింగు వద్దు. ట్రైలరు వెనక దీపాలు, ఇండికేటర్లు వెలుగుతున్నాయో లేదో బయల్దేరే ముందు ఇంట్లోవాళ్లను వెనక నిలబెట్టి చూడండి. దిగుడులో చిన్న గేరు వేయండి. మీ బండి చెడితే చచ్చేది మీరొక్కరే కాదు.

అది మన వంతు. వాళ్ల వంతేమిటి? మన ముసలి బండికి పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి పరీక్ష. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, గడువు దాటితే రోడ్డెక్కకూడదు. న్యాయమే. మరి ఈ నగరం సంగతి? బెంగళూరు పాలికెలో మనం ఎన్నుకున్న సభ్యుల గడువు 2020 సెప్టెంబరులో తీరిపోయింది. ఆ తర్వాత నిండా ఐదేళ్లు ఎన్నికలే లేకుండా, ప్రజల ముందు పరీక్షకు నిలబడకుండా నగరాన్ని నడిపారు. ఒక్క చలానా పడలేదు. ఒక్క ఫీజు రెట్టింపు కాలేదు.

ఓటడగడానికి ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మీ గుమ్మం ఎక్కక తప్పదు. మీరేం అరవక్కర్లేదు. బండి కాగితాలు చేత్తో పట్టుకుని నిలబడండి. ‘నాది చూశారుగా, ఇక మీ ఎఫ్‌సీ చూపించండి’ అనండి.