ఒద్దికైన పిల్ల

బీఈడీ అయ్యాక పెళ్లి కుదిరేదాకా పుట్టింట్లో ఉన్న కాలాన్ని నేను బద్ధకంగా గడిపేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి నడుం వాల్చేదాకా ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉన్నాను. అంత కష్టపడి నేర్చుకున్నదల్లా నలుగురి ముందు ఇల్లాలిలా కనబడడం. ఇల్లు నడపడమంటే ఏమిటో కళ్లెదుట రోజూ జరుగుతూనే ఉంది, అటు తల తిప్పి చూడలేదు. ఇప్పుడు మా చెల్లెలి కూతురికి సంబంధాలు చూస్తున్నారు. అది కూడా నాలాగే నేర్చుకోవాల్సిన వంటల జాబితా రాసి పెట్టుకుందని తెలిశాక ఇదంతా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మాది కోనసీమలో అంబాజీపేటకు దగ్గర పల్లె. 2000 దాటిన కొత్తలో మా వైపు పెళ్లీడు పిల్లకు ఎవరైనా ఇచ్చే పెద్ద కితాబు "ఒద్దికైన పిల్ల" అన్నదే. ఆ కితాబు కోసం నేను చేయని పని లేదు. కంద బచ్చలి కూరలో ఆవ పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుందని, దించాకే కలపాలని నేర్చుకున్నాను. పనసపొట్టు కూర, పూర్ణం బూరెలు, మాగాయ, అన్నీ నోటుబుక్కులో కొలతలతో సహా రాసుకున్నాను. జాకెట్టు కత్తిరించడం, చీరకు ఫాల్ కుట్టడం వచ్చాయి. చుక్కల ముగ్గులకు వేరే పుస్తకం. ఒంటికి సున్నిపిండి, మొహానికి తెల్లబడే క్రీము, మధ్యాహ్నం గడప దాటకపోవడం. అన్నిటికన్నా పట్టుదలగా చేసిన పని సన్నబడడం. రాత్రి అన్నం మానేశాను. పొద్దున టిఫిన్ బదులు టీ తాగేదాన్ని. "కాస్త కూర్చుని తినవే" అని అమ్మ వెనక వెనకే తిరిగితే విసుక్కునేదాన్ని.

ఆ రోజుల్లో నేను చదివిన తీరు చెబితే నా బుద్ధి ఎలా పనిచేసేదో తెలుస్తుంది. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు నడిపిన "ప్రమదావనం" శీర్షిక పేజీలు అమ్మ చింపి ఒక ఇనపపెట్టెలో దాచుకుంది. ఆడవాళ్లు రాసిన ప్రశ్నలకు ఆవిడ అందులో జవాబులు చెప్పేవారు. వంట గురించి అడిగినదానికి ఎంత ఓపికగా చెప్పేవారో ఒంటి ఆరోగ్యం గురించి, ఆస్తి హక్కు గురించి, ప్రపంచంలో జరిగేవాటి గురించి అడిగినా అంతే ఓపికగా చెప్పేవారు. నేను ఆ పెట్టె ముందేసుకుని, వంటలవీ చర్మానివీ ఏరి పక్కన పెట్టుకుని, తక్కినవి మళ్లీ పెట్టెలో పడేశాను. "అవి కూడా చదువు, పనికొస్తాయి" అంది అమ్మ. నాకెందుకవి అనుకున్నాను. అంతగా చదువుకున్న ఆవిడ అంత సూటిగా రాసిన మాటల్లో నాకు నిజంగా కావలసినవి అన్నీ ఉన్నాయి. బీఎస్సీ చదివిన పిల్లను, అక్షరం రాక వదిలేయలేదు.

అమ్మ దగ్గర ఇంకో పుస్తకం ఉండేది, దింపుల లెక్క. కొబ్బరి దింపు తీయించిన రోజు మగవాళ్లంతా తోటలో ఉంటే అమ్మ అరుగు మీద కూర్చుని, కాయలు జతల లెక్కన పడుతుంటే పుస్తకంలో గీతలు పెట్టేది. పచ్చికాయ ఎంత, ముదురు ఎంత, మట్టలకు ఎంత వచ్చింది, ఎక్కినవాళ్లకు కూలి ఎంత. అంబాజీపేట వర్తకుడు వెయ్యి కాయలకు ఒక ధర చెబితే "మొన్న పక్క ఊళ్లో ఇంకా ఎక్కువకే పోయాయి కదండీ" అని నెమ్మదిగా అని ఊరుకునేది. ఆయన ధర పెంచేదాకా కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేది. ముందు ఇచ్చిన అడ్వాన్సు ఎంత, అందులో మా చదువులకు వాడింది ఎంత, ఏ దింపుతో చెల్లుతుందో ఆవిడ నోటి మీదే ఉండేది. నాన్న పేరు మీద నడిచే ఆ ఇల్లు ఆ పుస్తకం మీద ఆధారపడి నిలిచింది. నేను కాఫీ గ్లాసులు ట్రేలో పెట్టుకుని చెయ్యి వణక్కుండా అందించడం అభ్యాసం చేస్తూ ఆ పుస్తకం పక్కనుంచే నడిచి వెళ్లేదాన్ని. నాకు పెళ్లయ్యాక కొన్నేళ్లకు అమ్మ పోయింది. ఆ లెక్క ఎలా రాయాలో ఆవిడను నేను ఎన్నడూ అడగలేదు. నాకు అన్నిటికంటే దుఃఖం కలిగించేది ఇదే.

డీఎస్సీ సంగతి కూడా చెప్పాలి. టీచరు పోస్టులు జిల్లాలవారీగా ఉంటాయి, ఎక్కువ భాగం ఆ జిల్లాలో చదువుకున్నవాళ్లకే వెళతాయి. ఒక జిల్లాలో చేరినవాళ్లు ఇంకో జిల్లాకు మారడం చాలా కష్టం. అందుకని నేనే ఒక తర్కం కట్టుకున్నాను. తూర్పుగోదావరిలో ఉద్యోగం వస్తే, పై జిల్లా సంబంధాలు వెనక్కి పోతాయి కదా అని. ఎవరూ వద్దనలేదు. నాన్న దరఖాస్తు ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు కూడా. ఇంకా రాని పెళ్లికొడుక్కి అడ్డం అవుతుందేమోనని, చేతికందిన ఉద్యోగ పరీక్షను నేనే వదిలేశాను. తరవాత పెళ్లి కర్నూలు జిల్లాకు అయ్యింది. అక్కడ నేను స్థానికురాలిని కాను. ఆ తరవాత రెండు నోటిఫికేషన్లు వచ్చినా మిగిలిన కొద్ది పోస్టుల కోసం పోటీ పడలేకపోయాను. ఇప్పటికీ ప్రైవేటు బడిలోనే చెబుతున్నాను. పాఠం చెప్పడమంటే ప్రాణం నాకు. అందుకే ఆ ఫారం గుర్తొస్తే కడుపులో దేవినట్టుంటుంది.

పెళ్లిచూపుల రోజున మా ఆయన పెద్దల ముందే "మీరు నన్నేమైనా అడగాలా?" అన్నాడు. ఆ కాలానికి, ఆ గదిలో, ఒక అబ్బాయి అలా అడగడం చిన్న విషయం కాదు. నేను తల అడ్డంగా ఊపాను. అది ఒద్దిక అనుకున్నాను. మాట్లాడడం ఇష్టం లేదేమో అనుకున్నానని ఆయన చాలా కాలానికి చెప్పాడు. కలిసి బతకబోయే మనిషి తలుపు తీసి నిలబడితే నేను గుమ్మంలోనే తల వంచుకుని ఉండిపోయాను.

అత్తవారిది డోన్ వైపు మెట్ట ఊరు. నా నోటుబుక్కు అక్కడికి తీసుకెళ్లాను. ఆ ఇంట్లో పొద్దున బొరుగులతో ఉగ్గాని, మధ్యాహ్నం జొన్నరొట్టె, పులగం వండితే దానికి బుడ్డల (వేరుశెనగ) పచ్చడి. నా కంద బచ్చలికి బచ్చలి దొరికేది గాని కంద దొరికేది కాదు. రెండో వారంలో అత్తయ్యగారు నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి జొన్నపిండి గిన్నె ముందుకు జరిపారు. నీళ్లు మసలకముందే పిండి పోసేశాను. "అట్ల కాదమ్మా, నీళ్లు బాగా మసలాల. చల్లనీళ్లకు జొన్నపిండి కూడుకోదు" అన్నారు. గోధుమపిండికి ఉండే సాగుడు జొన్నకు లేదు, మరిగే నీళ్లు పడితేనే దానికి జిగురు వస్తుంది. వేడి పిండిని అరచేతి మడమతో నొక్కి నొక్కి మెదిపాలి. పొడిపిండి చల్లుకుని ముద్దను కుడి చేత్తో తడుతూ ఎడమ చేత్తో తిప్పుతూ పోతే అది నేల మీదే గుండ్రంగా పెరుగుతుంది. పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో అద్దాలి, ఆ తడి ఆరకముందే తిరగేయాలి. నా రొట్టెలు అంచున పగిలేవి. చాలా రోజులు తప్పు నా చేతిదే అనుకుని లోలోపల కుమిలిపోయాను. ఒకరోజు ఆవిడే డబ్బా వాసన చూసి, "పిండి పాతదైంది. నువ్వేం చేస్తావు, కొత్తది పట్టించకొస్తాం పా" అన్నారు. కొత్త పిండితో రొట్టె పగల్లేదు, పొంగింది.

ఆ నేర్పు నాకు పుట్టింట్లో ఎవరూ నేర్పగలిగేది కాదు. ఎవరింటికి వెళతానో తెలియకుండా ఆ ఇంటి వంట ముందే నేర్చుకుపోవడం కుదరదు. కూర్చుని చూసే ఓపిక, రాదని ఒప్పుకునే ధైర్యం ఉంటే చాలు, అత్తయ్యగారు తక్కినదంతా చేతిలో పెట్టారు. పుట్టింటి నుంచి తీసుకెళ్లాల్సింది వేరే ఉంది. అది నేను తీసుకెళ్లలేదు.

పెళ్లయిన రెండో ఏడు చేలో బోరు వేయాలనుకున్నారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచే మనిషిని పిలిచారు. కాయ నిక్కిన చోట పాయింటు పెట్టారు. డబ్బు చాలదన్నప్పుడు నా గాజులు నేనే తీసి మామయ్యగారి ముందు పెట్టాను. ఎవరూ అడగలేదు. మంచి కోడలు అలా ఇస్తుందని నా మనసులో ఒక బొమ్మ ఉంది, ఆ బొమ్మకు తగ్గట్టు చేశాను. ఎన్ని అడుగులు వేస్తారు, చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, భూగర్భ జల శాఖ వాళ్లచేత ఒకసారి చూపించారా, సైన్సు చదివిన నేను ఒక్క ప్రశ్న వేయలేదు. నీళ్లు పడలేదు. దుమ్ము మాత్రం వచ్చింది. గాజులు పోయినందుకు కాదు నా ఏడుపు, ఆ ఇంటి కష్టం నాది కూడా. అడగాల్సిన నోరు మూసుకుని, ఇవ్వాల్సిన చెయ్యి ముందు చాచినందుకు. నేను అడిగి ఉంటే మామయ్యగారు కోపగించుకునే మనిషి కూడా కాదు. "నువ్వు ముందే ఎందుకు చెప్పలేదమ్మా" అని తరవాత ఆయనే బాధపడ్డారు.

పుట్టింటి వాళ్లు పెట్టిన నగలు చట్టప్రకారం భార్య సొంతమని, 1956 హిందూ వారసత్వ చట్టంలో 14వ సెక్షన్ ఆమెకు పూర్తి హక్కు ఇచ్చిందని నాకు ముప్పై దాటాక తెలిసింది. అత్తింట్లో ఉన్నంత మాత్రాన స్త్రీధనం వాళ్ల సొత్తు అయిపోదని సుప్రీంకోర్టు 1985లో తేల్చి చెప్పింది. నేను తెలుసుకోవాల్సింది పోట్లాటకు కాదు. ఇది నాదని తెలిసి ఇచ్చేదానికీ, తెలియక జారవిడిచేదానికీ మనిషి నిలబడే తీరులోనే తేడా ఉంటుంది.

ఇక రక్తం సంగతి. పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు మొదటిసారి పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉంది. గర్భిణికి కనీసం 11 ఉండాలి. "మెట్లెక్కితే ఆయాసం ఎప్పట్నించి?" అని డాక్టరమ్మ అడిగింది. పెళ్లికి ముందునుంచే అని చెప్పాను. పెళ్లయ్యాక మాత్రం కొత్త చోటు, కొత్త పని, అందుకే అలసట అనుకుంటూ వచ్చాను. నేను ఆకలి చంపుకుని సన్నబడిన కాలమంతా నా ఒంట్లో ఇనుము అడుగంటుతూ వచ్చింది. అన్నంతో పాటే టీ తాగితే తిన్న తిండిలోని ఇనుము కూడా ఒంటికి సరిగా పట్టదు. నేను తిండి మానిందే కాక టీ పోసి మరీ ఆ పని చేశాను. కాన్పు గండం గడిచింది గాని, బాబు తక్కువ బరువుతో పుట్టాడు. వాడి చేతివేళ్లు చూసినప్పుడల్లా నాకు పుట్టింట్లో రాత్రిళ్లు ఎంగిలి పడకుండా మూతపెట్టిన నా కంచం గుర్తొచ్చేది. తప్పు నాదేనని ఎవరూ అనలేదు, అలా తేల్చి చెప్పగల లెక్క కూడా ఏదీ లేదు. అయినా పుట్టింట్లో ఉన్న ఆ కాలమంతా నాకు నేను అన్నం పెట్టుకుని ఉండాల్సింది.

నా ఒక్కదాని మాట కాదిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. పెళ్లికి ముందు పట్టుచీరలకు ఊళ్లు తిరుగుతాం గాని ఒక్క రక్తపరీక్షకు పావుగంట కేటాయించం. గర్భం రాకముందునుంచే ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకుంటే బిడ్డ వెన్నుపాములో వచ్చే కొన్ని లోపాలను ఆపవచ్చు. తలసీమియా జన్యువు ఇద్దరిలోనూ ఉందేమో ముందే చూపించుకోవచ్చు. ఇవి ఏ పెళ్లిపనుల పట్టీలోనూ నాకు కనపడలేదు.

చెల్లెలి కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, నీకు అన్ని వంటలూ వచ్చు కదా, నాకేం నేర్పుతావ్?" అంది. ముందు రక్తపరీక్ష చేయించుకోమన్నాను. నీ జీతం నీ ఖాతాలోనే పడాలని, నగల రసీదులు నకలు తీసి నీ దగ్గర ఉంచుకోవాలని చెప్పాను. నీకు నువ్వు నాలుగు రకాలు వండుకుని కడుపునిండా తినడం వస్తే వంట వచ్చినట్టే, ఆ నాలుగు చూడ్డానికొచ్చే అబ్బాయికీ వచ్చో రావో కనుక్కోమన్నాను. అన్నిటికన్నా ముఖ్యం, ఏమైనా అడగాలా అని ఎవరూ అనకపోయినా నువ్వే అడుగు అన్నాను.

చూపుల రోజున అది అప్పుల సంగతి అడిగిందట. పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఆ అబ్బాయి మాత్రం ఇబ్బంది పడకుండా, చదువుకోసం బ్యాంకులో తీసుకున్న రుణం ఇంకా ఎంత ఉందో, నెలకు ఎంత కడుతున్నాడో చెప్పి, నీకేమైనా ఉన్నాయా అని తిరిగి అడిగాడట. సంబంధం ఇంకా తేలలేదు. దాని హిమోగ్లోబిన్ 10 చిల్లర వచ్చింది. డాక్టరు ఇనుము మాత్రలు రాసిచ్చారు. అన్నానికీ టీకీ గంట ఎడం పెట్టమని, రాత్రి భోజనం మానొద్దని రోజూ ఫోన్ చేసి నేనే చెబుతున్నాను.