రైతు అడిగిన ప్రశ్న

హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక, 1938 ఏప్రిల్ 10న జనాన్ని ఓటడిగారు. సెయింట్ రాడెగుండ్ అనే పల్లెలో వద్దని ఓటేసింది ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్ అనే రైతు ఒక్కడే. అధికారులు ఆ ఒక్క ఓటు కూడా లెక్కలో చూపలేదు. ఊరు ఊరంతా ఔనన్నదని రాసుకున్నారు.

ఫ్రాంజ్‌కు ముగ్గురు చిన్న ఆడపిల్లలు. పొలం పనితో పాటు ఊరి గుడి పని కూడా చూసుకునేవాడు. సైన్యం నుంచి పిలుపొస్తే ఏం చేయాలన్నదే ఆయన బెంగ. అన్యాయపు యుద్ధమని తెలిసీ తుపాకీ పడితే పాపం కాదా? ఆ సంగతి తేల్చుకోవడానికి భార్య ఫ్రాన్సిస్కాను వెంటబెట్టుకుని లింజ్ నగరానికి, బిషప్పు ఫ్లీసర్ గారి దగ్గరికి వెళ్లాడు. ఆమె బయటే ఆగింది.

భార్యాబిడ్డల సంగతి చూసుకొమ్మన్నారు బిషప్పుగారు. ప్రభుత్వం చేసేది తప్పో ఒప్పో తేల్చే బాధ్యత నీది కాదన్నారు. దిగులుగా బయటికొచ్చిన ఫ్రాంజ్ ఆయన్ని నిందించలేదు. నోరు విప్పితే తర్వాత వంతు తమదవుతుందని మతపెద్దల భయం అని భార్యతో అన్నాడు. భయం నిజమైనదే. ఆ పల్లె విచారణ గురువే నాజీలకు గిట్టని ప్రసంగం చేసి 1940లో అరెస్టయ్యారు. భయపడినందుకు ఎవరినీ నేను తప్పుపట్టను. మనస్సాక్షి నలిగిపోయి దారి అడగవచ్చినవాడికి ఆ భయాన్నే ధర్మంగా బోధించడం మాత్రం ఈనాటికీ నాకు మింగుడుపడదు.

చివరికి పిలుపు రానే వచ్చింది. 1943 మార్చి 1న ఫ్రాంజ్ ఎన్స్ సైనిక శిబిరానికి వెళ్లి, హిట్లర్ కోసం పోరాడనని చెప్పాడు. గాయపడినవాళ్లకు సేవైతే చేస్తానన్నా మిలటరీ కోర్టు వినలేదు. ఆగస్టు 9న బ్రాండెన్‌బర్గ్ జైల్లో తల నరికారు. అప్పటికి ఆయన వయసు 36.

హిట్లర్ పోయాడు, యుద్ధం ముగిసింది. సైనికుల వితంతువులకిచ్చే పింఛను ఫ్రాన్సిస్కాకు మాత్రం రాదన్నారు. అది చేతికొచ్చేసరికి 1950 అయింది. మొగుణ్ణి ఆపలేకపోయిందని ఊళ్లో ఆమెనే ఆడిపోసుకున్నారు. ఫ్రాంజ్ కథను మేత్రాసన పత్రికలో వేస్తామంటే ఫ్లీసర్ గారే ఒప్పుకోలేదు. విధి నిర్వహణలో పోరాడి చనిపోయిన కతోలిక యువకులే అంతకన్నా గొప్ప వీరులని ఆయన అభిప్రాయం.

2007 అక్టోబర్ 26న, అదే లింజ్ నగరంలోని కథెడ్రల్‌లో, 94 ఏళ్ల ఫ్రాన్సిస్కా భర్త అవశేషం ఉంచిన భరిణెను ముద్దుపెట్టుకుంది. పోపు 16వ బెనెడిక్ట్ ఆమోదంతో ఫ్రాంజ్‌ను ధన్యుడిగా, హతసాక్షిగా ప్రకటించారు. జ్ఞానస్నానం పొందిన మే 21 ఆయన పండుగ. ఆ రోజు పూజకు హతసాక్షుల ఎర్రని వస్త్రం ధరించి, ఒకప్పుడు ఫ్లీసర్ కూర్చున్న పీఠం నుంచే బిషప్పుగారు విశ్వాసులకు ఆదర్శంగా చూపేది, ఇంటికెళ్లి భార్యాబిడ్డల్ని చూసుకొమ్మని తిప్పిపంపిన ఆ రైతునే.